అమెరికా కంపెనీ, వరంగల్‌లో ఇల్లు: పన్ను ఎక్కడ కట్టాలి, ఏ ఫారం నింపాలి

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. వరంగల్‌లో ఇంట్లోనే కూర్చుని 2024 సెప్టెంబరు నుంచి ఒక అమెరికా కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నారు. అంతకుముందు సంపాదన లేదు. నెలకు సుమారు 3 లక్షల రూపాయలకు సమానమైన డాలర్లు వస్తున్నాయి. టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను) లేదు, జీతం, కోసిన పన్ను చూపే ఫారం 16 ఇవ్వరు, చేరేటప్పుడు డబ్ల్యూ-8బెన్ అనే కాగితం మీద సంతకం చేయించుకున్నారు. 2025 నవంబరులో కంపెనీ షేర్లు కొన్ని మీ పేరున పడ్డాయి. డబ్బు అమెరికాది కాబట్టి పన్ను కూడా అక్కడిదేనని స్నేహితుడు చెప్పడంతో మొదటి ఏడాది రిటర్ను వేయలేదు. ఇప్పుడు ఏ ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను ఫారం) వేయాలి, వేయని ఏడాది సంగతేమిటి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పన్ను ఇక్కడే కట్టాలి, వచ్చిన ఆదాయమంతా చూపించి కట్టాలి. ఈ పనికి అమెరికాలో మీరు కట్టాల్సింది ఏమీ లేదు. ఎంత కట్టాలన్నది మాత్రం మీరు ఆ కంపెనీకి ఉద్యోగా, స్వతంత్ర కన్సల్టెంటా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అదే కంపెనీ, అదే డబ్బు, కానీ ఈ ఒక్క తేడాతో ఏడాది పన్ను దాదాపు 5 లక్షలు అటూ ఇటూ అవుతుంది. కన్సల్టెంటు అయితే, చేతిలో విదేశీ షేర్లు ఉన్నాయి కాబట్టి ఐటీఆర్-3 వేయాలి. ఉద్యోగి అయితే ఐటీఆర్-2. వదిలేసిన ఏడాదికి అప్‌డేటెడ్ రిటర్ను అనే దారి, అంటే గడువు దాటాక అదనపు పన్నుతో వేసే రిటర్ను, ఇంకా తెరిచే ఉంది.

నేను విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంటుగా ప్రాక్టీసు చేస్తున్నాను. కరోనా తరువాత మా ఆఫీసుకు వచ్చే ఫైళ్లలో ఇలాంటివి బాగా పెరిగాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్నేహితుడు చెప్పిన మాట ఎందుకు తప్పో ముందు చూద్దాం. పన్ను చట్టం డబ్బు ఏ దేశం నుంచి బయలుదేరిందని అడగదు, పని ఎక్కడ జరిగిందని అడుగుతుంది. మీ కుర్చీ వరంగల్‌లో ఉంది కాబట్టి ఆ ఆదాయం వరంగల్‌లో పుట్టినట్టే. అమెరికా చట్టం కూడా ఇదే సూత్రం పాటిస్తుంది: అమెరికా పౌరుడు కాని, అక్కడ నివాసి కాని వ్యక్తి, అమెరికా వెలుపల చేసిన పనికి పొందే ప్రతిఫలం వాళ్ల లెక్కలో అమెరికా ఆదాయం కాదు. పైగా మీరు ఏడాదంతా ఇక్కడే ఉన్నారు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారత్‌లో ఉంటే రెసిడెంటు. రెసిడెంటుకు ప్రపంచంలో ఏ మూల నుంచి వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్నుకు లోబడుతుంది. ఏ వైపు నుంచి చూసినా తప్పించుకునే సందు లేదు.

డబ్ల్యూ-8బెన్ గురించి చాలామందికి అపోహ ఉంది. అది పన్ను కట్టినట్టు రసీదు కాదు, రిటర్నూ కాదు. "నేను అమెరికా వ్యక్తిని కాను" అని మీరు కంపెనీకి ఇచ్చే ధ్రువీకరణ మాత్రమే. అది కంపెనీ ఫైల్లోనే ఉంటుంది. విదేశీ పన్ను గుర్తింపు సంఖ్య అడిగిన గడిలో మీ పాన్ రాయాలి. సంతకం చేసిన ఏడాది తరువాత మరో మూడు క్యాలెండరు సంవత్సరాలు చెల్లుతుంది. మీరు 2024లో చేశారు కాబట్టి 2027 డిసెంబరు 31 వరకు పనికొస్తుంది. ఆ తరువాత కొత్తది ఇవ్వాలి.

ఈ కాగితం లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. గుంటూరు నుంచి పనిచేసే ఒక డిజైనరుకు ఆమె క్లయింటు కంపెనీ బిల్లుల్లోంచి 30 శాతం కోసేసింది. కారణం, ఫైల్లో డబ్ల్యూ-8బెన్ లేకపోవడమే. అక్కడ కట్టిన పన్నును ఇక్కడ సర్దుబాటు చేసుకోవచ్చు కదా అని ఆమె వచ్చారు. కుదరదు. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అమెరికాకు హక్కు లేని పన్నును అమెరికా తీసుకుంటే, దాన్ని అమెరికా నుంచే వెనక్కి తెచ్చుకోవాలి. ఆ పన్నుకు భారత ప్రభుత్వం ఇక్కడ క్రెడిట్ ఇవ్వదు. ఆమె అక్కడి నాన్ రెసిడెంట్ రిటర్ను, 1040-ఎన్‌ఆర్, వేసి రీఫండు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఇక్కడి పన్ను మాత్రం గడువులోగా పూర్తిగా కట్టక తప్పలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కంపెనీతో మీరు రాసుకున్న ఒప్పందం తెరిచి చదవండి. ఐటీఆర్ ఫారం ఎంచుకోవడం ఆ తరువాతి పని.

భారత్‌లో ఆఫీసు లేని విదేశీ కంపెనీలు మనవాళ్లను సాధారణంగా రెండు రకాలుగా పెట్టుకుంటాయి. మొదటిది, ఇక్కడ రిజిస్టరైన మధ్యవర్తి సంస్థ కాగితాల మీద మీ యజమానిగా ఉండటం. వీటిని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ సంస్థలంటారు. అప్పుడు రూపాయల్లో జీతం, పీఎఫ్, టీడీఎస్, ఫారం 16 అన్నీ మామూలు ఉద్యోగంలాగే ఉంటాయి. అలాంటివాళ్లకు ఈ సమాధానంతో పెద్దగా పని లేదు. రెండోది మీలాంటిది: కంపెనీయే నేరుగా స్వతంత్ర కన్సల్టెంటుగా ఒప్పందం రాసుకుని, నెలనెలా మీ ఇన్‌వాయిస్ మీద డబ్బు పంపడం. ఇక్కడ ఉద్యోగిని పెట్టుకుంటే భారత్‌లో తమకు శాశ్వత వ్యాపార స్థావరం ఉన్నట్టు తేలి, లాభాల మీద పన్ను అడుగుతారేమోనన్న భయంతో కంపెనీలు దీన్నే ఇష్టపడతాయి.

మూడో రకం కూడా ఉంది కానీ అరుదు. విదేశీ కంపెనీ నేరుగా నియామక పత్రం ఇచ్చి, జీతం అని రాసి డాలర్లు పంపుతుంది. అది జీతమే. ఇక్కడ టీడీఎస్ కోసేవాళ్లు లేరు కాబట్టి ముందస్తు పన్ను మీరే కట్టుకోవాలి.

కన్సల్టెంటు అయితే 44ఏడీఏ సెక్షన్ వర్తిస్తుంది. నిర్దేశించిన వృత్తుల్లో ఉన్నవాళ్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల లెక్కలు అడగరు, ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. ఇంజినీరింగ్, సాంకేతిక సలహా, వైద్యం, న్యాయవాద వృత్తి వంటివాటితో పాటు సమాచార సాంకేతిక వృత్తిని కూడా 2001లో నోటిఫై చేశారు. పరిమితి 50 లక్షలు. నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షలు. మీకు అంతా బ్యాంకు ద్వారానే వస్తుంది కాబట్టి 75 లక్షల పరిమితి వర్తిస్తుంది.

తేడా ఎంతో మీ అంకెలతోనే చూడండి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో వచ్చింది 36 లక్షలు అనుకుందాం, కొత్త పన్ను విధానం, షేర్లు పక్కన పెడదాం.

జీతంగా చూపిస్తే 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా 35,25,000 మీద పన్ను 6,37,500. 4 శాతం సెస్సుతో 6,63,000.

44ఏడీఏ కింద చూపిస్తే ఆదాయం 18,00,000. పన్ను 1,60,000; సెస్సుతో 1,66,400.

తేడా 4,96,600 రూపాయలు. ఈ అంకె చూడగానే అందరికీ కన్సల్టెంటు అయిపోవాలనిపిస్తుంది. నిజంగా కన్సల్టెంటే అయితే నిస్సంకోచంగా వాడుకోండి, చట్టం ఇచ్చిన వెసులుబాటే అది. కానీ ఒప్పందం మీద "స్వతంత్ర కాంట్రాక్టరు" అని శీర్షిక పెట్టినంత మాత్రాన సరిపోదు. కిందటేడాది ఒకరు తెచ్చిన పత్రం మొదటి పేజీలో అలాగే ఉంది. లోపల చూస్తే రోజుకు ఎనిమిది గంటల హాజరు, జీతంతో కూడిన సెలవులు, మేనేజరు అనుమతి లేకుండా సెలవు పెట్టకూడదన్న షరతు, మరెక్కడా పని చేయకూడదన్న నిషేధం, ఏడాదికోసారి ఇంక్రిమెంటు, రాజీనామాకు రెండు నెలల నోటీసు. ఇన్‌వాయిస్ అనేదే లేదు. ఇది పేరు మార్చుకున్న ఉద్యోగం. అధికారి ఆ పత్రం అడిగి చదివితే మొత్తాన్ని జీతంగా లెక్కగట్టి తేడాను వడ్డీతో సహా వసూలు చేయగలడు, తప్పుగా చూపినందుకు పెనాల్టీ కూడా వేయగలడు. ఆయనకు జీతంగానే చూపించమని చెప్పాను. ఆయన ఇష్టపడలేదు, నా ఫీజు కట్టి మరో ఆడిటరు దగ్గరకు వెళ్లారు. అది ఆయన హక్కు.

మీ ఒప్పందంలో చూడాల్సినవి: పనిగంటలు, పద్ధతి మీరే నిర్ణయించుకుంటారా? ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేరు ఎవరివి? ఇతర క్లయింట్లకు పనిచేయవచ్చా? పనిలో తప్పు జరిగితే సొంత ఖర్చుతో సరిదిద్దాలా? పని చేయని నెలకు డబ్బు వస్తుందా? వీటిలో ఏ ఒక్కటీ తీర్పు చెప్పేయదు, అన్నీ కలిపి చూడాలి. ఒకే క్లయింటు ఉన్నంత మాత్రాన ఉద్యోగి అయిపోరు. ఇది చాలామంది భయపడే విషయం కాబట్టి చెబుతున్నాను.

ఇంకో జాగ్రత్త. కోడు రాసేవాళ్లకు, సిస్టమ్స్ నిర్వహించేవాళ్లకు 44ఏడీఏ విషయంలో నాకు సందేహం లేదు. విదేశీ కంపెనీకి కస్టమర్ సపోర్టు చేసేవాళ్లు, సోషల్ మీడియా పోస్టులు రాసేవాళ్లు, నియామకాల పని చూసేవాళ్లు కూడా ఐటీ వృత్తి అని రాసేసుకోవడం చూస్తున్నాను. కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి పనీ సమాచార సాంకేతిక వృత్తి కాదు. వాళ్లు తమ పనిని విడిగా చూపించుకుని సలహా తీసుకోవడం మేలు.

రూపాయల లెక్క ఎలా కట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. కన్సల్టెంటుకు డబ్బు సంవత్సరం లోపలే భారత్‌కు వచ్చేస్తే, వచ్చిన రోజు మారిన రూపాయలే లెక్క. అయితే చెల్లింపుల సంస్థ కోసుకున్న రుసుము తీసేసిన మొత్తాన్ని రాబడిగా రాయకండి. ఇన్‌వాయిస్ 3,500 డాలర్లకు ఇచ్చి, కోతల తరువాత అంతకంటే తక్కువ ఖాతాలో పడినా, మీ రాబడి 3,500 డాలర్లే. రుసుము ఖర్చు కిందికి వస్తుంది, 44ఏడీఏ వదిలేసిన సగంలో అది కలిసిపోయింది. జీతం అయితే పద్ధతి వేరు: జీతం రావాల్సిన నెలకు ముందు నెల ఆఖరు రోజున స్టేట్ బ్యాంకు ప్రకటించిన టీటీ కొనుగోలు రేటు (బ్యాంకు డాలర్లను కొనే ధర) వాడాలి. ఆగస్టు జీతానికి జులై 31 నాటి రేటు. బ్యాంకులో పడిన రూపాయలకూ ఈ అంకెకూ తేడా వస్తుంది, కంగారు పడకండి.

ప్రతి జమకూ బ్యాంకు నుంచి లేదా చెల్లింపుల సంస్థ నుంచి విదేశీ చెల్లింపు పత్రం, అంటే ఎఫ్‌ఐఆర్‌ఏ, దించుకుని నెలవారీగా దాచండి. అందులో డబ్బు దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ చూడండి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. కొందరి పత్రాల్లో కుటుంబ పోషణకు పంపిన డబ్బు అని కోడ్ పడి ఉంటుంది. అప్పటికప్పుడు బ్యాంకుకు రాసి మార్పించుకుంటే సులువు, మూడేళ్ల తరువాత నోటీసు వచ్చాక కష్టం.

ముందస్తు పన్ను మరచిపోకండి. టీడీఎస్ లేనివాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 44ఏడీఏ వాడేవాళ్లు మార్చి 15లోగా ఒకే విడతలో మొత్తం కట్టేయవచ్చు. జీతంగా చూపేవాళ్లు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లో వరుసగా 15, 45, 75, 100 శాతం పూర్తయ్యేలా కట్టాలి. తప్పితే నెలకు 1 శాతం చొప్పున వడ్డీ. కంపెనీ కోయదు కాబట్టి ఖాతాలో పడిన డబ్బంతా మనదేనన్న భ్రమ కలుగుతుంది. పన్ను వాటాను ప్రతి నెలా వేరే ఖాతాలోకి మార్చేయమని నా దగ్గరకు వచ్చే పిల్లలకు చెబుతాను, సగం మంది వింటారు.

జీఎస్టీ సంగతి మీరు అడగలేదు, కానీ మీకు అది వర్తిస్తుంది. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఎగుమతి చేసిన సేవలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మీరు 2024 సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఏడు నెలల్లో 21 లక్షలు సంపాదించారు, అంటే 2025 మార్చిలోనే గీత దాటారు. అప్పటి నుంచి 30 రోజుల్లో రిజిస్టరు కావాల్సింది. భయపడాల్సిన పని లేదు. విదేశీ క్లయింటుకు చేసి, విదేశీ మారకంలో డబ్బు తీసుకున్న సేవకు జీఎస్టీ సున్నా శాతం. కాకపోతే ఆ సున్నా దక్కాలంటే రిజిస్టరై, ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇవ్వాలి. అది ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాల్సిందే. ఎల్‌యూటీ లేకపోతే ముందు 18 శాతం కట్టి తరువాత రీఫండు అడగాలి. పన్ను సున్నా అయినా రిటర్నులు మాత్రం వేస్తూనే ఉండాలి, లేకపోతే ఆలస్య రుసుములు పేరుకుంటాయి. మీరు ఉద్యోగి అయితే ఈ పేరా మొత్తం మరచిపోండి, జీతానికి జీఎస్టీ లేదు. ఒకే మనిషి ఆదాయపు పన్నులో జీతగాడినని, జీఎస్టీలో ఎగుమతిదారునని రెండు నాలుకలతో మాట్లాడకూడదు. రెండు శాఖలూ ఒకే పాన్‌ను చూస్తున్నాయి.

ఇక షేర్లు. మీ ప్రశ్నలో ఒక్క వాక్యంలో వచ్చాయి కానీ నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది వీటిమీదే. షేర్లు మీ పేరున పడిన రోజు మార్కెట్ విలువ మీ ఆదాయంలో కలుస్తుంది. ఉద్యోగి అయితే జీతంలో భాగం; కన్సల్టెంటు అయితే వృత్తి ఆదాయంలో భాగం. ఈ విలువను 44ఏడీఏ కింద సగం చేయవచ్చా అంటే, వాదించవచ్చునేమో కానీ నేనైతే పూర్తిగానే చూపిస్తాను. అప్పుడు చూపిన విలువే రేపు అమ్మేటప్పుడు మీ కొనుగోలు ధర అవుతుంది, కాబట్టి నష్టమంటూ పెద్దగా లేదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, లోపే అమ్మితే మీ స్లాబు రేటు.

డివిడెండు వస్తే అమెరికాలో 25 శాతం కోస్తారు. ఇది రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం న్యాయమైన కోత. డివిడెండు మొత్తాన్ని ఇక్కడ ఆదాయంలో చూపించి, ఫారం 67 వేసి, కట్టిన దానికి క్రెడిట్ తీసుకోవచ్చు.

విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్‌ఏ, తప్పకుండా నింపాలి. షేర్లు, అవి ఉన్న బ్రోకరు ఖాతా, మీ పేరున విదేశంలో తెరిచిన బ్యాంకు ఖాతా ఏదైనా ఉంటే అదీ ఇందులోకి వస్తాయి. ఆదాయం ఒక్క రూపాయి రాకపోయినా చూపాలి. ఈ పట్టికకు లెక్క క్యాలెండరు సంవత్సరం, ఆర్థిక సంవత్సరం కాదు. మీ షేర్లు 2025 నవంబరులో వచ్చాయి కాబట్టి 2026-27 అసెస్‌మెంటు సంవత్సరం (అంటే 2025-26 ఆదాయానికి వేసే) రిటర్నులోనే రాయాలి. అవే 2026 ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఆదాయం ఈ రిటర్నులో, ఆస్తి వివరం వచ్చే రిటర్నులో చూపాల్సి వచ్చేది. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల పెనాల్టీ ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించకపోతే ఆ పెనాల్టీ వేయరు. చూపాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట: 2015 నుంచి భారత్, అమెరికాల మధ్య ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఉంది. 2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ ఆ సమాచారంతోనే పట్టిక నింపనివాళ్లకు సందేశాలు పంపింది. అవి అందుకున్నవాళ్లు మా ఆఫీసుకూ వచ్చారు.

ఫారం ఎంపిక ఇక సులువు. విదేశీ ఆస్తి ఉన్నవాళ్లు ఐటీఆర్-1, ఐటీఆర్-4 వాడకూడదు. కన్సల్టెంటుగా ఐటీఆర్-3 వేసి, దానిలోనే 44ఏడీఏ గడుల్లో అంకెలు నింపవచ్చు. ఐటీఆర్-3 అనగానే ఆస్తి అప్పుల పట్టీ, ఆడిట్ అన్నీ కావాలేమోనని భయపడతారు. 44ఏడీఏ వాడేవాళ్లు అందులో కొన్ని గడులు మాత్రమే నింపితే చాలు. పాత పన్ను విధానం కావాలంటే వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాలి. మళ్లీ కొత్త విధానానికి వెనక్కి వచ్చే అవకాశం ఒక్కసారే. మీ స్థాయి ఆదాయానికి, పెద్ద ఇంటి రుణం లేకపోతే, కొత్త విధానమే లాభం.

ఈ సమాధానం చదివేవాళ్లలో మరో రకం వాళ్లూ ఉంటారు కాబట్టి వాళ్లకోసం కొంచెం. హెచ్-1బీ మీద అమెరికాలో ఉంటూ, పెళ్లికో వీసా స్టాంపింగుకో వచ్చి, అపాయింట్‌మెంటు వెనక్కి జరిగి ఇక్కడే చిక్కుకుని పని చేస్తున్నవాళ్లు. మీ జీతం అమెరికా పేరోల్‌లోనే నడుస్తున్నా, ఇక్కడ కూర్చుని పని చేసిన రోజుల జీతం మన చట్టం ప్రకారం భారత్‌లో పుట్టిన ఆదాయమే. అయితే మీరు అమెరికా నివాసిగా కొనసాగుతూ, సంబంధిత సంవత్సరంలో ఇక్కడ 183 రోజులు మించకుండా ఉండి, జీతం ఇచ్చేది భారతీయ సంస్థ కాకపోతే, ఆ భారం దాని ఇక్కడి స్థావరం మీద పడకపోతే, రెండు దేశాల ఒప్పందంలోని 16వ అధికరణం మిమ్మల్ని కాపాడుతుంది. అందుకు అమెరికా నివాస ధ్రువపత్రం, ఫారం 6166, తెప్పించుకోవాలి. అది రావడానికి సమయం పడుతుంది, తిరిగి వెళ్లాక చూద్దాంలే అనుకోకండి.

ఇందులో ఒక మెలిక ఉంది. విదేశాల నుంచి చూడటానికి వచ్చిన భారత పౌరుడికి 182 రోజుల వరకు నాన్ రెసిడెంటు హోదా ఉంటుందని అందరూ ధీమాగా ఉంటారు. ఆ ఏడాది విదేశీ ఆదాయం కాకుండా మిగిలిన ఆదాయం 15 లక్షలు దాటితే ఆ పరిమితి 120 రోజులకు తగ్గుతుంది, వెనకటి నాలుగేళ్లలో ఇక్కడ మొత్తం 365 రోజులు ఉన్నవాళ్లకు. ఇక్కడ కూర్చుని సంపాదించిన అమెరికా జీతం విదేశీ ఆదాయం కాదు కాబట్టి, నాలుగు నెలలు చిక్కుకుంటే చాలు ఆ 15 లక్షలు దాటిపోవచ్చు. నెల్లూరులో తల్లిదండ్రుల దగ్గర ఉండి పని చేసిన ఒకరికి ఈ లెక్క చెబితే ఆయన పాస్‌పోర్టులోని ముద్రలు తీసి నా ఎదురుగానే రోజులు లెక్కపెట్టుకున్నారు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి తీసుకోవడం క్షేమం.

ఆఖరుగా మీరు వేయని రిటర్ను. 2024-25 ఆర్థిక సంవత్సరానికి ఆలస్యపు రిటర్ను గడువు 2025 డిసెంబరు 31తో ముగిసింది. మిగిలింది అప్‌డేటెడ్ రిటర్ను, ఐటీఆర్-యూ. మీ ఒప్పందం నిజంగా కన్సల్టెంటుదే అయితే ఆ ఏడాది 21 లక్షల్లో సగం, 10.5 లక్షలు ఆదాయం. ఆ సంవత్సరపు కొత్త విధానం రేట్లతో పన్ను సెస్సు కలిపి 59,800. దానిమీద వడ్డీ, 5,000 ఆలస్య రుసుము, పన్నూ వడ్డీ కలిపిన మొత్తంపై 25 శాతం అదనం. అన్నీ కలిపి లక్ష రూపాయల చుట్టూ తేలుతుంది. 2027 మార్చి 31 దాటితే ఆ 25 శాతం 50 అవుతుంది, తరువాతి రెండేళ్లలో 60, 70. నోటీసు వచ్చాక ఈ దారి మూసుకుపోవచ్చు, అందుకే మార్చి వరకు ఆగమని చెప్పను.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. మీరు ఇప్పుడు వేయాల్సిన రెండు సంవత్సరాలకూ 1961 చట్టమే వర్తిస్తుంది, పైన రాసిన అంకెలు దానివే. ముందు ఐటీఆర్-యూ పన్ను చలానా కట్టి ఆ రిటర్ను వేయండి, తరువాత ఈ ఏడాది ఐటీఆర్-3. జీఎస్టీ రిజిస్ట్రేషన్ దరఖాస్తు వీటితో పాటే పెట్టవచ్చు. ఒప్పందంలో హాజరు, సెలవులు, ఇతర క్లయింట్ల గురించి ఏం రాసి ఉందో ఇక్కడే రాయండి (కంపెనీ పేరు, మీ పేరు వద్దు), కన్సల్టెంటుగా నిలబడతారో లేదో చూసి చెబుతాను.